రైబోజోమ్ తనను తాను కట్టుకునే వేళ ఆకారపు మార్పులను పట్టుకోవడం ఎలా: 30ఎస్ ఉప ప్రమాణంతో సమగ్ర మార్గదర్శి

రైబోజోమ్ అంటే జీవకణంలో ప్రోటీన్లను తయారుచేసే యంత్రం. పాఠ్యపుస్తకాల్లో మనకు కనిపించే దాని బొమ్మలన్నీ పని పూర్తయిన తరువాతివే. 2000 సంవత్సరంలో స్ఫటిక నిర్మాణాలు వెలువడ్డాక అందులో ఏ పరమాణువు ఎక్కడుందో దాదాపుగా తెలిసిపోయింది. ఆ చోటికి అది ఎలా చేరిందో మాత్రం ఆ బొమ్మ చెప్పదు. ఈ.కోలై అనే బ్యాక్టీరియాలో రైబోజోమ్‌కున్న రెండు ఉప ప్రమాణాల్లో చిన్నదైన 30ఎస్‌నే తీసుకోండి (ఇక్కడ ఎస్ అంటే సెంట్రిఫ్యూజ్‌లో తిప్పినప్పుడు అడుగుకు దిగే వేగానికి కొలత). 1542 న్యూక్లియోటైడ్ల (ఆర్ఎన్ఏ అక్షరాల) పొడవున్న ఒకే ఒక్క 16ఎస్ ఆర్ఎన్ఏ పోగు, దాని మీద ఇరవైకి పైగా ప్రోటీన్లు. వీటిని పరీక్షనాళికలో కలిపి సరైన లవణం, సరైన వేడి ఇస్తే బయటి సాయం లేకుండానే పనిచేసే ఉప ప్రమాణం తయారవుతుంది. 1968లో పీటర్ ట్రాబ్, మసయాసు నోమురా ఈ సంగతి చూపించారు.

ఈ నిర్మాణం జరుగుతున్నప్పుడు ఆర్ఎన్ఏ, ప్రోటీన్లు ఒకదాని ఆకారాన్ని ఒకటి ఎలా మారుస్తాయో ప్రయోగంతో పట్టుకోదలచిన వారి కోసం ఈ మార్గదర్శి. జీవరసాయన శాస్త్రంలో పరిశోధన మొదలుపెట్టినవారికి నేరుగా పనికొస్తుంది. ప్రయోగం చేయకుండా ఈ రంగంలోని పరిశోధన పత్రాలను అర్థం చేసుకోవాలనుకునే వారికీ ఇదే వరుస సరిపోతుంది. మొత్తం పనిలో గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటుంది. ‘ప్రోటీన్ అతుక్కుందా’ అన్న ప్రశ్నకు సమాధానం దొరికితే సగం పనే అయినట్టు. అతుక్కున్నాక ఏది కదిలింది, ఎంతసేపటికి కదిలింది, ఆ కదలిక వల్ల తరువాతి ప్రోటీన్‌కు చోటు దొరికిందా అన్నవి తేలినప్పుడే మిగతా సగం.

పెద్ద ఉప ప్రమాణమైన 50ఎస్ ఎందుకు వద్దంటే, అది మొండిది. 23ఎస్, 5ఎస్ అనే రెండు ఆర్ఎన్ఏలు, ముప్పైకి పైగా ప్రోటీన్లు ఉంటాయి. 1974లో నియర్‌హాస్, డోమె దాన్ని పునర్నిర్మించగలిగారు గానీ, అందుకు రెండు దశలు కావలసి వచ్చాయి: ముందు తక్కువ మెగ్నీషియంలో 44 డిగ్రీల సెల్సియస్, తరువాత ఎక్కువ మెగ్నీషియంలో 50 డిగ్రీలు. చేయి తిరిగాక అటు వెళ్లవచ్చు.

మొదటి అడుగు: ఏ మార్పును వెతుకుతున్నారో తేల్చుకోండి

‘ఆకారం మారింది’ అన్న మాటలో కనీసం నాలుగు వేర్వేరు సంగతులు ఇమిడి ఉంటాయి. వీటిని కలగలిపేస్తే పరికరం ఎంపికలోనే పొరపాటు జరుగుతుంది.

మొదటిది ఆర్ఎన్ఏలో జతల మార్పు. 16ఎస్ పోగు పొడవైనది కాబట్టి సరైన భాగస్వామి ఇంకా అందుబాటులోకి రాకముందే ఒక వరుస పక్కనున్న మరో వరుసతో జతకట్టేయగలదు. అలాంటి తప్పు జతలు విడిపోవాలంటే శక్తి కావాలి. అంతవరకూ నిర్మాణం అక్కడే చిక్కుకుంటుంది.

రెండోది హెలిక్స్‌ల, అంటే జతకట్టిన ఆర్ఎన్ఏ మెలికల, దిశ మారడం. ఇక్కడ జతలు మారవు. మూడు హెలిక్స్‌లు కలిసే కూడలిలో కోణాలు మాత్రమే మారతాయి. చూడటానికి చిన్న మార్పే అయినా హెలిక్స్ చివర చాలా దూరం జరుగుతుంది.

మూడోది దూరంగా ఉన్న రెండు భాగాలు ఒకదానిలో ఒకటి ఒదగడం. హెలిక్స్ అలాగే ఉంటుంది, దిశ కూడా దాదాపు అలాగే ఉంటుంది, కానీ పక్కభాగానికి ఆనుకుని బయటి నీటికి కనబడకుండా పోతుంది.

నాలుగోది ప్రోటీన్ వైపు మార్పు. చాలామంది దీన్ని మరిచిపోతారు. రైబోజోమ్ ప్రోటీన్లలో చాలావాటికి గుండ్రటి శరీరంతో పాటు పొడవాటి తోకలు ఉంటాయి. ఆర్జినిన్, లైసిన్‌లతో ధనావేశం నిండిన ఈ తోకలకు విడిగా ఉన్నప్పుడు స్థిరమైన రూపమంటూ ఉండదు. ఆర్ఎన్ఏ ముడతల మధ్య చొరబడినప్పుడే వాటికి రూపం వస్తుంది.

మీ ప్రశ్న ఈ నాలుగింటిలో దేనికి చెందుతుందో ఒక్క వాక్యంలో రాసిపెట్టుకోండి. రాయలేకపోతే ప్రయోగం మొదలుపెట్టే సమయం ఇంకా రాలేదు.

రెండో అడుగు: నోమురా పటాన్ని సరిగ్గా చదవండి

ఏ ప్రోటీన్ అతుక్కోవడానికి ముందుగా ఏ ప్రోటీన్ ఉండాలో నోమురా బృందం 1970ల తొలినాళ్లలో ఒక పటంగా గీసింది. ఇప్పటికీ ఈ రంగంలో అందరూ దాని నుంచే మొదలుపెడతారు. ఆర్ఎన్ఏకు నేరుగా అతుక్కునే ప్రాథమిక ప్రోటీన్లు ఆరు: ఎస్4, ఎస్7, ఎస్8, ఎస్15, ఎస్17, ఎస్20 (ప్రోటీన్ పేరులో ఎస్ అంటే చిన్న ఉప ప్రమాణానికి చెందినదని). వాటిలో ఒకటో రెండో ఉంటేనే అతుక్కునేవి ద్వితీయ ప్రోటీన్లు. ఆ తరువాతివి తృతీయ ప్రోటీన్లు.

పటాన్ని ఆర్ఎన్ఏ భాగాల ప్రకారం విడదీసి చదివితే సులువు. ఆర్ఎన్ఏ పోగు మొదటి కొస 5 ప్రైమ్, చివరి కొస 3 ప్రైమ్. 5 ప్రైమ్ భాగంలో ఎస్4, ఎస్17, ఎస్20 ముందు చేరి ఎస్16కు చోటు ఇస్తాయి. ఇది 30ఎస్ శరీరం. మధ్యభాగంలో ఎస్15 దారి తెరిస్తే ఎస్6, ఎస్18 జంటగా వస్తాయి. తరువాత ఎస్11, ఎస్21. ఇది వేదిక. 3 ప్రైమ్ భాగంలో ఎస్7 మీద ఎస్9, ఎస్13, ఎస్19, వాటి తరువాత ఎస్10, ఎస్14, చివరన ఎస్3, ఎస్2. ఇది తల.

ఇక్కడే ఎక్కువమంది తడబడతారు. ఈ పటం రైళ్ల టైంటేబులు కాదు. ఏది లేకపోతే ఏది నిలవదో చెబుతుందే తప్ప, ఏది ఎన్ని క్షణాలకు వస్తుందో చెప్పదు. ఒక బాణం గుర్తు ఉందంటే ఆ రెండు ప్రోటీన్లు ఒకదాన్నొకటి తాకుతాయని కూడా అర్థం కాదు. మొదటిది ఆర్ఎన్ఏను వంచి, దూరంగా ఉన్న రెండోదానికి చోటు సిద్ధం చేసి ఉండవచ్చు. అలాగే పటంలో మూలస్థానంలో ఉన్నదల్లా కణంలో తప్పనిసరి అనుకోవద్దు. ఎస్15 జన్యువు తీసేసిన ఈ.కోలై కూడా బతికి 30ఎస్‌లను కట్టుకోగలదని 2006లో తేలింది. పరీక్షనాళికలో మధ్యభాగానికి తలుపు తెరిచే ప్రోటీన్ ఇదే! అందుకే ప్రతి బాణం గుర్తు పక్కనా ‘దీని వెనుక ఏ ఆకారపు మార్పు ఉంది’ అని రాసుకుంటూ వెళ్లండి. చాలా చోట్ల ఖాళీ మిగులుతుంది. మీ పరిశోధన ప్రశ్న ఆ ఖాళీల్లోనే దొరుకుతుంది.

పేర్ల గురించి ఒక మాట. 2014లో వచ్చిన కొత్త నామకరణంలో ఎస్4ను యూఎస్4 అనీ, బ్యాక్టీరియాలోనే ఉండే ఎస్16ను బీఎస్16 అనీ రాస్తారు. పాత పత్రాలు, కొత్త పత్రాలు పక్కపక్కన పెట్టి చదివేటప్పుడు కంగారు పడొద్దు.

మూడో అడుగు: సరుకు సిద్ధం చేసుకోండి

ఆర్ఎన్ఏ రెండు దారుల్లో దొరుకుతుంది. ఈ.కోలై నుంచి 30ఎస్‌లను వేరుచేసి ఫినాల్‌తో ప్రోటీన్లను తొలగిస్తే సహజమైన 16ఎస్ వస్తుంది. దాని మీద మిథైల్ గుర్తులు, ఇతర సవరణలు అలాగే ఉంటాయి. రెండో దారి టీ7 పాలిమరేజ్ అనే ఎంజైముతో డీఎన్ఏ నుంచి ఆర్ఎన్ఏను రాయించుకోవడం. ఇందులో ఉత్పరివర్తనాలు పెట్టుకోవచ్చు, ముక్కలుగా తయారు చేసుకోవచ్చు, కానీ సహజ సవరణలు ఉండవు. దీనితో కట్టిన 30ఎస్ పనిచేస్తుంది, సహజ ఆర్ఎన్ఏతో కట్టినదానంత చురుకుగా కాదు. ఆకారపు మార్పులను చూడటానికి నేనైతే రెండో దారితో మొదలుపెట్టి, ముఖ్యమైన ఫలితాన్ని మొదటి దారిలో సరిచూసుకోమంటాను.

ప్రోటీన్లకూ రెండు దారులే. 30ఎస్ నుంచి అన్నింటినీ కలిపి ఒకేసారి రాబట్టే మిశ్రమం ఒకటి. ఒక్కో ప్రోటీన్‌ను విడివిడిగా బ్యాక్టీరియాలో తయారు చేయించి శుద్ధి చేసుకోవడం రెండోది. 1999లో గ్లోరియా కల్వర్, హ్యారీ నోలర్ ఈ రెండో పద్ధతిలోనే 30ఎస్‌ను కట్టి చూపించారు. ఒక ప్రోటీన్‌ను తీసేసి, లేదా దానికి రంగు తగిలించి ఏమవుతుందో చూడాలంటే ఇదే సరైనది. కష్టం ఎక్కువే, కానీ మిశ్రమంతో వచ్చిన ఫలితానికి కారణం ఏ ప్రోటీనో చెప్పలేక తల పట్టుకోవడం కంటే నయం. ఈ ప్రోటీన్లు బలమైన క్షార స్వభావం గలవి కాబట్టి ఉప్పు తగ్గితే గుంపుకట్టి అడుగుకు చేరతాయి. నిల్వ ద్రావణంలో పొటాషియం క్లోరైడ్ 1 మోలార్ దాకా ఉండనివ్వండి.

ఆర్ఎన్ఏను తినేసే ఎంజైములు ప్రోటీన్ శుద్ధిలో వెంట వచ్చేస్తాయి. ప్రతి ప్రోటీన్ నమూనాను ఆర్ఎన్ఏతో గంటసేపు ఉంచి, జెల్ మీద ఆర్ఎన్ఏ చెక్కుచెదరలేదని చూసుకున్నాకే వాడండి.

నాలుగో అడుగు: ముందు మొత్తం కట్టి చూడండి, వేడి చేసే పనిని గమనించండి

మెగ్నీషియం 20 మిల్లీమోలార్, పొటాషియం క్లోరైడ్ సుమారు 330 మిల్లీమోలార్, తటస్థానికి కాస్త పైన పీహెచ్. ముందుగా ఆర్ఎన్ఏను ఈ ద్రావణంలో 40 నుంచి 42 డిగ్రీల వద్ద కొన్ని నిమిషాలు ఉంచండి. మరీ ఎక్కువసేపు వద్దు, మెగ్నీషియం సమక్షంలో వేడి ఆర్ఎన్ఏను తెంపుతుంది. తరువాత ప్రోటీన్లను ఆర్ఎన్ఏ కంటే కాస్త ఎక్కువ నిష్పత్తిలో కలిపి అదే వేడిలో ఉంచండి. సుక్రోజ్ గ్రేడియంట్ మీద అల్ట్రాసెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే 30ఎస్ శిఖరం కనిపించాలి. శిఖరం రావడంతోనే సంతోషపడొద్దు. కట్టిన 30ఎస్‌కు సహజ 50ఎస్ కలిపి, పాలీ యూ (యూ అక్షరమే వరుసగా ఉన్న ఆర్ఎన్ఏ) ఆదేశంతో ఫినైల్‌అలనైన్ గొలుసు తయారు చేస్తుందో లేదో చూడండి. ఆకారం సరిగ్గా ఉందనడానికి పనిచేయడాన్ని మించిన సాక్ష్యం లేదు.

ఇప్పుడు ఇదే ప్రయోగాన్ని చల్లగా చేయండి. వేడి చేయకుండా కలిపితే నిర్మాణం మధ్యలో ఆగిపోతుంది. 30ఎస్‌కు బదులు 21ఎస్ దగ్గర ఒక రేణువు కనిపిస్తుంది. దీన్ని ఆర్ఐ (పునర్నిర్మాణంలోని మధ్యంతర రూపం) అంటారు. ఇందులో ఎస్2, ఎస్3, ఎస్10, ఎస్14, ఎస్21 లాంటి చివరి ప్రోటీన్లు ఉండవు. వాటిని ఎన్ని కలిపినా ఆ చల్లదనంలో అతుక్కోవు. ఈ ఆర్ఐని విడిగా తీసి, ఏ ప్రోటీన్ కలపకుండా 40 డిగ్రీలకు వేడి చేయండి. కొత్తగా ఏమీ చేరకుండానే అది 26ఎస్ దగ్గరకు జరుగుతుంది. ప్రోటీన్లు అవే, ఆర్ఎన్ఏ అదే, ముద్ద మాత్రం బిగిసింది. దీన్ని ఆర్ఐ స్టార్ అంటారు. ఇక చల్లగా ఉన్నా సరే మిగతా ప్రోటీన్లు వచ్చి చేరతాయి.

నా దృష్టిలో ఈ రంగంలో ఇంతకంటే అందమైన ప్రయోగం లేదు. ఆకారపు మార్పును, అతుక్కోవడాన్ని రెండు వేర్వేరు గొట్టాల్లోకి విడదీసి చూపిస్తుంది. ఈ మార్పు ప్రథమ క్రమాంక చర్యలా నడుస్తుందని నోమురా బృందం గుర్తించింది. అంటే వేగం ప్రోటీన్ గాఢత మీద ఆధారపడదు, ఎదురుపడటం కోసం వేచి ఉండటం కాదిది. ఉత్తేజన శక్తి మోల్‌కు సుమారు 38 కిలో కేలరీలు. ఏదో ఒక చిన్న అంచు కదలడానికి అంత అవసరం లేదు. ఆర్ఎన్ఏ పెద్ద ఎత్తున సర్దుకుంటోందని ఆ అంకె చెబుతుంది. ఏయే న్యూక్లియోటైడ్లు సర్దుకుంటున్నాయో 2004లో కల్వర్ బృందం రసాయన పరీక్షలతో పటం గీసింది.

వేగాన్ని రెండు గాఢతల్లో, కనీసం నాలుగు ఉష్ణోగ్రతల్లో కొలిచి మీరూ సరిచూడండి. గాఢత పెంచితే వేగం పెరిగితే మీరు కొలుస్తున్నది అతుక్కోవడాన్ని. పెరగకపోతే ఆకారపు మార్పును. ఇకపై వచ్చే ప్రతి ప్రయోగంలోనూ ఈ పరీక్ష పనికొస్తుంది.

ఐదో అడుగు: చిన్న కూడలితో చేయి తిప్పుకోండి

మొత్తం 16ఎస్‌తో ఒక్కసారిగా యుద్ధానికి దిగవద్దు. మధ్యభాగంలో 20, 21, 22 సంఖ్యలున్న మూడు హెలిక్స్‌లు కలిసే కూడలి ఒకటుంది. దాన్ని చిన్న ఆర్ఎన్ఏగా కోసి తీసినా ఎస్15 అతుక్కుంటుంది. ప్రోటీన్ గానీ, మెగ్నీషియం గానీ లేనప్పుడు మూడు హెలిక్స్‌లూ ఒకదానికొకటి దాదాపు 120 డిగ్రీల దూరంలో చాచుకుని ఉంటాయి. ఎస్15 రాగానే 21, 22 ఒకే గీతలో పేర్చుకుంటాయి, 20వది 22వ దానికి దగ్గరగా, సుమారు 60 డిగ్రీల కోణంలో వాలుతుంది. ఎస్6, ఎస్18 జంట అతుక్కునేది ఇలా సర్దుకున్న ఆర్ఎన్ఏకే. ఈ మూడు ప్రోటీన్లు ఆర్ఎన్ఏతో కలిసి ఉన్న స్ఫటిక నిర్మాణాన్ని 2000లో జేమ్స్ విలియమ్సన్ తదితరులు ప్రకటించారు.

ఈ కూడలిని ఫ్రెట్ పద్ధతిలో చూడండి. రెండు హెలిక్స్‌ల చివర్లకు సై3, సై5 రంగులు తగిలించండి. ఒక రంగు నుంచి మరోదానికి శక్తి ఎంత బదిలీ అవుతుందన్నది వాటి మధ్య దూరం చెబుతుంది. ఈ జంటకు 5 నుంచి 6 నానోమీటర్ల దగ్గర చూపు చాలా పదునుగా ఉంటుంది కాబట్టి, తెరిచిన రూపం ఆ దూరానికి ఒకవైపు, మూసిన రూపం మరోవైపు పడేలా రంగుల చోట్లు ఎంచుకోండి. 1999లోనే ఈ కూడలిని ఒక్కో అణువుగా ఫ్రెట్‌తో చూశారు.

ఇక్కడ మెగ్నీషియం మీకు పాఠం చెబుతుంది. ఎస్15 లేకుండా మెగ్నీషియం పెంచుతూ పోయినా కూడలి అదే మూసిన రూపానికి వస్తుంది. అంటే ఆ రూపం ప్రోటీన్ కనిపెట్టినది కాదు, ఆర్ఎన్ఏకు తెలిసినదే. ప్రోటీన్ దాన్ని నిలబెడుతోంది. కాబట్టి ప్రోటీన్ ప్రయోగాన్ని అధిక మెగ్నీషియంలో చేస్తే ఏ మార్పూ కనిపించదు, ఆర్ఎన్ఏ ముందే మూసుకుని కూర్చుంటుంది. ముందు మెగ్నీషియం వక్రరేఖ గీసుకుని, సగం అణువులు తెరిచి సగం మూసి ఉండే గాఢతను ఎంచుకుని, అక్కడ ప్రోటీన్ కలపండి.

ఆరో అడుగు: ఆర్ఎన్ఏను న్యూక్లియోటైడ్ చొప్పున ప్రశ్నించండి

ఫ్రెట్ రెండు బిందువుల మధ్య దూరం చెబుతుంది. మిగతా పదిహేను వందల న్యూక్లియోటైడ్ల మాటేమిటి? అందుకు ఫుట్‌ప్రింటింగ్. ఆర్ఎన్ఏను ఒక రసాయనంతో స్వల్పంగా దెబ్బతీసి, రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్‌తో నకలు రాయించాలి. దెబ్బతిన్న చోటికి ఒక న్యూక్లియోటైడ్ ముందు నకలు ఆగిపోతుంది. అక్కడక్కడా ఆగిన ముక్కల పొడవులే మీ ఫలితం.

డైమిథైల్ సల్ఫేట్ జతకట్టని అడినైన్, సైటోసిన్‌లను పట్టుకుంటుంది. మొదటి అడుగులో చెప్పిన జతల మార్పుకు ఇదే తగిన సాధనం. విషపూరితం కాబట్టి ఫ్యూమ్ హుడ్ బయట మూత కూడా తీయకండి. షేప్ కారకాలు చక్కెరలోని 2 ప్రైమ్ హైడ్రాక్సిల్‌తో చర్య జరుపుతాయి. న్యూక్లియోటైడ్‌లోని నత్రజని క్షారం ఏదైనా సరే, అది వదులుగా ఉందా లేదా అన్నది చెబుతాయి. హైడ్రాక్సిల్ రాడికల్స్‌కు జతలతో పని లేదు. వెన్నెముకలోని చక్కెర నీటికి తెరిచి ఉంటే కోస్తాయి, ఏదైనా ఒదిగి కప్పేస్తే కోయలేవు. కాబట్టి ఒదగడానికి ఇదే సాక్షి.

ఒక సాక్షితో తీర్పు ఇవ్వొద్దు. హైడ్రాక్సిల్ రాడికల్ నుంచి ఒక చోటికి రక్షణ దొరికితే అక్కడ ప్రోటీన్ కూర్చుని ఉండవచ్చు, లేదా మరో హెలిక్స్ వచ్చి వాలి ఉండవచ్చు. తుది స్ఫటిక నిర్మాణం తెరిచి, ఆ న్యూక్లియోటైడ్ పక్కన ఎవరున్నారో చూడండి. ప్రోటీన్ లేని చోట రక్షణ వస్తే అది ఆర్ఎన్ఏ మడత. స్ఫటికంలో ఎవరూ లేని చోట రక్షణ వస్తే చెత్త ఫలితమని పారేయకండి. తుది రూపంలో లేని, మధ్యదారిలో మాత్రమే ఉండే ఆకారం మీ కంట పడి ఉండవచ్చు.

కంట్రోళ్లు తక్కువ చేస్తే ఈ పద్ధతి నిలువునా మోసం చేస్తుంది. రసాయనం లేని ఆర్ఎన్ఏ, ప్రోటీన్ లేని ఆర్ఎన్ఏ, ప్రోటీన్ నిల్వ ద్రావణం మాత్రమే కలిపిన ఆర్ఎన్ఏ, ఈ మూడూ ప్రతిసారీ ఉండాలి. మూడోదాన్ని వదిలేస్తారు చాలామంది. ప్రోటీన్ వెంట వచ్చే ఉప్పు ఒక్కటే ఆర్ఎన్ఏను బిగించగలదు.

సమయం కూడా కావాలంటే పని కష్టమవుతుంది. 2008లో సారా ఉడ్‌సన్ బృందం సింక్రోట్రాన్ అనే భారీ యంత్రం నుంచి వచ్చే ఎక్స్ కిరణాలతో నీటిలోనే హైడ్రాక్సిల్ రాడికల్స్ పుట్టించి, మిల్లీసెకన్ల నుంచి నిమిషాల దాకా 30ఎస్ నిర్మాణాన్ని చూసింది. చాలా సంపర్కాలు సెకనులో పదోవంతు లోపే ఏర్పడ్డాయి, అదీ ఆర్ఎన్ఏ పొడవునా చాలా చోట్ల ఒకేసారి. అంతకంటే ఆసక్తికరమైనది మరొకటి: ఒకే ప్రోటీన్ కింది వేర్వేరు న్యూక్లియోటైడ్లు వేర్వేరు వేగాలతో కప్పబడ్డాయి. ప్రోటీన్ గట్టి ముక్కలా వచ్చి కూర్చుంటే అన్నీ ఒకేసారి కప్పబడాలి కదా. ముందు ఒక అంచు తాకుతోంది, తరువాత రెండూ సర్దుకుంటున్నాయి. మీ దగ్గర సింక్రోట్రాన్ లేకపోయినా ఈ తర్కం వాడుకోవచ్చు. సెకన్లకు, నిమిషాలకు నమూనాలు తీసి, ఒక్కో న్యూక్లియోటైడ్‌కు విడిగా వక్రరేఖ గీయండి. సగటు తీయకండి. సగటు తీస్తే మీరు వెతుకుతున్నదే చెరిగిపోతుంది.

ఏడో అడుగు: ఎస్4, ఎస్16, మూడో హెలిక్స్ కథను ఆసాంతం అర్థం చేసుకోండి

పద్ధతులన్నీ ఒకచోట కలిసే ఉదాహరణ ఇది. దీన్ని అర్థం చేసుకుంటే మీ సొంత ప్రోటీన్‌కు ప్రణాళిక వేసుకోగలరు.

5 ప్రైమ్ భాగంలో అయిదు హెలిక్స్‌లు కలిసే కూడలికి ఎస్4 అతుక్కుంటుంది. దాని పక్కనే మూడో హెలిక్స్ ఉంటుంది. తుది 30ఎస్‌లో అది ఎస్4కు ఆనుకుని ఒదిగి ఉంటుంది. మామూలుగా అయితే ఎస్4 వచ్చింది, హెలిక్స్ ఒదిగింది అని సరిపెట్టుకుంటాం. 2014లో ఉడ్‌సన్ బృందం, సహ పరిశోధకులు ఎస్4కు ఒక రంగు, ఆర్ఎన్ఏకు మరో రంగు తగిలించి ఒక్కో అణువును చూసినప్పుడు వేరే దృశ్యం కనిపించింది. మొదట ఏర్పడిన జంట అటూ ఇటూ ఊగుతోంది. తరువాత అది తుది రూపానికి చెందని ఒక ఆకారంలో స్థిరపడుతోంది. ఆ తరువాతే సహజ రూపానికి చేరుతోంది. తప్పు ఆకారమనుకున్నది ఇక్కడ అడ్డంకి కాలేదు, తక్కువ శక్తితో ముందుకు పోయే దారి అయింది. ఎస్4 హెలిక్స్‌ను పట్టి బిగించదు. అది ఎంత తరచుగా, ఏ వైపుకు కదలాలో మారుస్తుంది.

అప్పుడు ఎస్16 పాత్ర ఏమిటి? 2009లో ఇదే బృందం ఫుట్‌ప్రింటింగ్‌తో కొలిచింది. ఎస్4, ఎస్17, ఎస్20 మూడూ ఉన్నా సహజ రూపం, సహజం కాని రూపం సమానంగా మిగులుతున్నాయి. ఎస్16 చేరాక సహజం కానిది అణగిపోతుంది. 5 ప్రైమ్ భాగపు నిర్మాణం చివర్లో ఇదే ప్రోటీన్ మూడో హెలిక్స్ దగ్గర ఒక స్విచ్ తిప్పి, తనకు దూరంగా ఉన్న డీకోడింగ్ కేంద్రంలోని (జన్యు సందేశాన్ని చదివే చోటులోని) సూడోనాట్‌లను, అంటే ముడిలా అల్లుకున్న ఆర్ఎన్ఏ మడతలను, స్థిరపరుస్తుంది. తరువాతి ప్రోటీన్ల వరుస ఎందుకు అలా ఉందో నోమురా పటంలోని బాణం గుర్తు చెప్పలేకపోయింది. ఈ స్విచ్ చెప్పింది.

మీరు దీన్ని అనుకరించేటప్పుడు రంగు తగిలించిన ప్రోటీన్‌ను మామూలు ప్రోటీన్‌తో పక్కపక్కన పెట్టి బంధన బలం కొలవండి. రంగు తగిలించడానికి సిస్టీన్ పెట్టిన చోటు ఆర్ఎన్ఏ వైపు ఉంటే రంగే అడ్డుపడుతుంది. ఇక ఒక్కో అణువు జాడల్లో ఎప్పుడూ మారని అణువులను ‘చచ్చినవి’ అని తీసేసే అలవాటు మానండి. చిక్కుబడ్డ ఆర్ఎన్ఏ కూడా అలాగే కనిపిస్తుంది, మీకు కావలసిన సమాచారంలో అదీ ఒక భాగమే.

ఎనిమిదో అడుగు: ప్రోటీన్ వైపు కూడా చూడండి

ఆర్ఎన్ఏకు సాధనాలు ఎక్కువ కాబట్టి ప్రోటీన్‌ను నిర్లక్ష్యం చేయడం సులువు. ఎస్4 మొదటి నలభై అవశేషాలు విడి ప్రోటీన్‌లో స్థిరంగా ఉండవు. అందుకే బ్యాసిలస్ ఎస్4 నిర్మాణాన్ని ఆ తోక కోసేసి సాధించారు. ఎస్12 తోక ఇంకా వింతైనది. ప్రోటీన్ శరీరం డీకోడింగ్ కేంద్రం వైపు ఉంటే, తోక ఆర్ఎన్ఏ మధ్యగా దూసుకుపోయి వెనుకవైపున్న ఎస్8, ఎస్17లను తాకుతుంది. ఆర్ఎన్ఏ పూర్తిగా బిగుసుకున్నాక అలాంటి తోకను దారం గుచ్చినట్టు లోపలికి తోయడం సాధ్యం కాదు. తోక, ముడత కలిసే రూపుదిద్దుకోవాలి.

వృత్తాకార డైక్రోయిజంతో (వృత్తాకార ధ్రువణ కాంతిని ప్రోటీన్ ఎలా పీల్చుకుంటుందో చూసే పద్ధతితో) విడి ప్రోటీన్‌లో హెలిక్స్ భాగం ఎంతో మొదట తెలుసుకోండి. ఆర్ఎన్ఏ కలిపాక మాత్రం ఆర్ఎన్ఏ సంకేతమే ముంచేస్తుంది, అక్కడ ఈ పద్ధతితో కుస్తీ పట్టవద్దు. ట్రిప్సిన్‌తో స్వల్పంగా కోయించి, ఏ ముక్కలకు రక్షణ దొరికిందో మాస్ స్పెక్ట్రోమీటర్‌తో చూడటం చవక, నమ్మదగినది. చిన్న ప్రోటీన్లకు ఎన్ఎంఆర్ అన్నింటికంటే వివరంగా చెబుతుంది. ఆపైన తోకను కోసేసిన ప్రోటీన్‌తో ఆరో అడుగులోని ఫుట్‌ప్రింటింగ్ మళ్లీ చేయండి. ఏ రక్షణ పోయిందో అదే ఆ తోక చేసిన పని.

తొమ్మిదో అడుగు: గుంపంతటినీ ఒకేసారి లెక్కపెట్టండి

ఒక్కో మార్పు తెలిశాక అవన్నీ ఒకే వరుసలో జరుగుతున్నాయా అన్న ప్రశ్న మిగులుతుంది. 2005లో విలియమ్సన్ బృందం దీనికి చక్కని ఉపాయం పట్టింది. భారమైన నైట్రోజన్ 15తో తయారైన ప్రోటీన్లతో నిర్మాణం మొదలుపెట్టి, కొంతసేపటికి మామూలు ప్రోటీన్లను ఎక్కువగా కుమ్మరించారు. తుది 30ఎస్‌లో భారమైనది, మామూలుది ఏ నిష్పత్తిలో ఉన్నాయో మాస్ స్పెక్ట్రోమీటర్ చెబుతుంది. వేరు వేరు సమయాల్లో కుమ్మరిస్తూ పోతే ఇరవై ప్రోటీన్ల వేగాలూ ఒకే ప్రయోగంలో దొరుకుతాయి.

5 ప్రైమ్ భాగపు ప్రోటీన్లు త్వరగా, తలకు చెందినవి నెమ్మదిగా చేరాయి. అయితే అన్నింటినీ ఆపే ఒకే ఒక్క ఇరుకు దారి మాత్రం కనిపించలేదు. నిర్మాణం చాలా దారుల్లో సాగుతోంది, ఒక్కోచోట ఒక్కో చిన్న అడ్డంకి. నాలుగో అడుగులోని ఆర్ఐ కథతో ఇది పొసగడం లేదని అనిపిస్తే మీరు సరిగ్గానే చదువుతున్నారు. చల్లగా ఉంచినప్పుడు అణువులన్నీ ఒకేచోట పోగుపడతాయి, కాబట్టి ఒకే అడ్డంకి ఉన్నట్టు కనిపిస్తుంది. వేడిలో ఆ అడ్డంకి తగ్గి మిగతావి పైకి తేలతాయి. నేనైతే ఆర్ఐని దారిలో తప్పనిసరి మజిలీగా కాక, చలికి చిక్కుపడ్డ ఆకారాల గుంపుగానే చూస్తాను. 2010లో నిర్మాణం మధ్యలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీతో తీసిన చిత్రాలూ పక్కపక్కన సాగే దారులనే చూపించాయి.

క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ అందుబాటులో ఉంటే వాడండి, కానీ దాని పరిమితి తెలుసుకుని. వదులుగా ఉన్న భాగం చిత్రంలో కనిపించదు. కనిపించలేదు కాబట్టి అక్కడ ప్రోటీన్ లేదని రాసేయకండి. అదే నమూనాను మాస్ స్పెక్ట్రోమీటర్‌కూ పంపండి. ప్రోటీన్ ఉండి కూడా చిత్రంలో కనబడకపోతే, అది అతుక్కుంది గానీ ఇంకా ఒదగలేదన్నమాట.

పదో అడుగు: కణంతో పోల్చండి

జీవకణంలో 16ఎస్ పూర్తిగా తయారయ్యే దాకా ప్రోటీన్లు ఆగవు. ఆర్ఎన్ఏ 5 ప్రైమ్ కొస బయటకు రాగానే మడత మొదలవుతుంది, ప్రోటీన్లూ వస్తాయి. 2019లో రెండు బృందాలు వేర్వేరుగా, ఆర్ఎన్ఏ రాయబడుతూ ఉండగానే ప్రోటీన్ చేరికను ఒక్కో అణువు స్థాయిలో చూశాయి. తొలి ప్రోటీన్లు ఒక్కసారి వచ్చి ఉండిపోవు. వచ్చి పోతూ, మళ్లీ వస్తూ ఉంటాయి. ఆర్ఎన్ఏ సరైన రూపానికి వచ్చినప్పుడే నిలుస్తాయి. సిద్ధంగా ఉన్న పొడవాటి ఆర్ఎన్ఏకు ప్రోటీన్ కలిపే మీ ప్రయోగంలో తప్పు జతలకు అవకాశం ఎక్కువ. వీలైతే పాలిమరేజ్, ప్రోటీన్లు ఒకే గొట్టంలో ఉంచి చేయండి.

మీకు వేడి కావలసి వచ్చిన చోట కణం సహాయక ప్రోటీన్లను వాడుకుంటుంది. ఆర్‌ఐఎంఎం తల భాగానికి, ఆర్‌బీఎఫ్ఏ 5 ప్రైమ్ కొస దగ్గరి మడతలకు తోడ్పడతాయి. ఎరా, ఆర్ఎస్‌జీఏ జీటీపీ అనే శక్తి అణువును ఖర్చు చేస్తాయి. నోమురా ప్రయోగశాల 1969లోనే చలికి తట్టుకోలేని ఈ.కోలై ఉత్పరివర్తకాలను పట్టుకుంది. చల్లని వాతావరణంలో వాటిలో కొన్నింటిలో పోగుపడినవీ 21ఎస్ దగ్గరి అసంపూర్ణ రేణువులే. పరీక్షనాళికలోని అడ్డంకి కణంలోనూ ఉందనడానికి ఇంతకంటే సూటి ఆధారం కావాలా? మీరు కనుక్కున్న ఆకారపు మార్పుకు బాధ్యమైన న్యూక్లియోటైడ్‌ను మార్చి, అలాంటి బ్యాక్టీరియాను 37 డిగ్రీల్లో, 20 డిగ్రీల్లో పెంచి చూడండి. వెచ్చగా బాగా పెరిగి, చల్లగా 30ఎస్‌లు తగ్గి 21ఎస్ పోగుపడితే ఆ అసంపూర్ణ రేణువులను వేరుచేయండి. అదే న్యూక్లియోటైడ్ దగ్గర డైమిథైల్ సల్ఫేట్ గుర్తులు మీ గొట్టంలోని ఆర్ఐతో సరిపోలుతున్నాయో లేదో పోల్చండి. సరిపోలకపోతే ఐదో అడుగుకు వెళ్లి, మెగ్నీషియం గాఢతను కణంలో ఉండే కొద్ది మిల్లీమోలార్ల స్థాయికి తగ్గించి మళ్లీ మొదలుపెట్టండి.